భాగమతి కథలో నగరం ఏదీ?

ఏళ్ల తరబడి ‘త్వరలో’ అంటూ ఊరించిన నవల ఎట్టకేలకు వెలువడింది. హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా, భాగమతుల ప్రణయం ఇతివృత్తం. రాజమండ్రిలో కొందరం డబ్బులు పోగుచేసుకుని మరీ తెప్పించుకున్నాం. చదివాక మిగిలింది నిరాశే. రచయిత పేరు చెప్పను. ఈ జబ్బు ఆయనొక్కరిదే కాదు.

వరదెత్తిన మూసీని గుర్రంపై దాటే యువరాజు, కొడుకు క్షేమం కోసం తండ్రి ఇబ్రహీం కట్టించిన పురానాపూల్! వీటికే పేజీలకు పేజీలు. ఆ వంతెన కట్టింది 1578లో. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. పదమూడేళ్ల బాలుణ్ణి ప్రణయవీరుణ్ణి చేసేముందు ఆ లెక్కయినా చూసుకోవద్దా? అసలు భాగమతి ఉనికినే చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ శంకించారు. ఫెరిష్తా రాతల్లో ఆమె ప్రస్తావన ఉందని వాదించేవారూ ఉన్నారు. కల్పించే హక్కు రచయితకు ఉంది, కాదనను. ఆ కల్పన దేన్ని మింగేసిందన్నదే నా ప్రశ్న.

1591లో చార్మినార్‌ నడుమ రూపుదిద్దుకున్న నగరం ఈ నవలలో లేదు. దాని నిర్మాణానికి తోడ్పడిన పేష్వా మీర్ మోమిన్ లేడు. దారుల్ షిఫా వైద్యశాల లేదు. వసంతం మీదా, వానల మీదా, పండుగల మీదా దక్కనీలో కవితలల్లిన కులీ లేడు. అద్దంకి గంగాధర కవి తెలుగు కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న ఇబ్రహీం, మన కవుల ‘మల్కిభరాముడు’, కొడుకు ప్రేమకు అడ్డుపడే తండ్రిగా మిగిలాడు. ఇక భాగమతి? ఆమె నోట సొంత మాట ఒక్కటైనా లేదు.

తెలుగు చారిత్రక నవలలో ముస్లిం తరచుగా దండెత్తేవాడు, లేదా మోహించేవాడు. వైద్యుడిగా, మేస్త్రీగా, లేఖరిగా, కవిగా కనబడటం అరుదు. ఇది పుస్తకంతో ఆగిపోయే విషయం కాదు. వేరే మతపు అమ్మాయితో మాట్లాడిన మన కుర్రవాడిపై ‘లవ్ జిహాద్’ ముద్ర వేసే చూపు ఇటువంటి కథల నీడలోనే బలపడుతుంది.

నిషేధించమని నేను అడగను. పుస్తకానికి జవాబు పుస్తకమే. గోదావరి సీమ ఇబ్రహీం కాలంలోనే గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. ఆ చరిత్ర మనది కూడా. పిఠాపురంలో ఉమర్ అలీషా కవి ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలుగా మలిచారు. ఆ గడ్డమీది పిల్లలకు తమ కథ తాము రాసుకునే సత్తా లేదా? మసీదు కమిటీలు, చదువుకున్న కుటుంబాలు వారికి పుస్తకాలు సమకూర్చాలి, ఉర్దూ, తెలుగు రెండూ నేర్పాలి. మన కథ మనం రాయనంతకాలం, ఇతరులు రాసిన కథలోని నవాబులుగానే మిగిలిపోతాం.