కాళ్ల కింద గ్యాస్ పైపు.. దాని భాష మనకెందుకు తెలియాలి?

2014 జూన్ 27, శుక్రవారం. రంజాన్ నెల మొదలవడానికి ఇంకా రెండు మూడు రోజులే ఉంది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ఇప్పటి కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలోని నగరం గ్రామం ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. తాటిపాక నుంచి విద్యుత్ ప్లాంటుకు గ్యాస్ తీసుకెళ్లే గెయిల్ సంస్థ 18 అంగుళాల పైపు నుంచి గ్యాస్ బయటికొచ్చి ఇళ్ల మధ్య పరుచుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని ఆ రోజు ఊళ్లో చెప్పుకున్నారు. నిప్పు ఎక్కడ తగిలినా ఫలితం ఒక్కటే. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు నిమిషాల్లో బూడిదయ్యాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

లీకుల గురించి ముందే చెప్పామని, పట్టించుకోలేదని గ్రామస్తులు ఆ రోజే మీడియా ముందు మొరపెట్టుకున్నారు. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుదాం. జనం చెప్పారు, కానీ ఆ చెప్పింది ఏ రిజిస్టర్‌లో ఏ పేరుతో ఎక్కింది? "వాసనొస్తోంది సార్" అన్న మాట కంపెనీ ఫైల్లోకి వెళ్లేసరికి ఏ మాటగా మారింది? అసలు వెళ్లిందా?

పైపుల భద్రతకు ఒక భాష ఉంది. ఇంటెగ్రిటీ, పిగ్గింగ్, కాథోడిక్ ప్రొటెక్షన్, మాస్ బ్యాలెన్స్, రైట్ ఆఫ్ యూజర్.. ఇవన్నీ ఇంజినీర్ల ఫైళ్లలో ఉంటాయి. ఆ పైపు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు, పక్కనే మడి ఉన్నవాళ్లకు ఈ మాటలు ఎవరూ చెప్పరు. మాట తెలియకపోతే ప్రశ్న రాదు. ప్రశ్న రాకపోతే జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు. అందుకే వాటిలో కొన్నింటిని మన మాటల్లో చెప్పుకుందాం.

ఒక్క 'తడి' మాట

నగరం ప్రమాదంపై పెట్రోలియం మంత్రిత్వ శాఖ విచారణ కమిటీ వేసింది. ఆ కమిటీ తేల్చిన ముఖ్యమైన విషయం సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపారు. తడి గ్యాస్ అంటే నీటి ఆవిరి, ద్రవరూప ఇంధనం కలిసి ఉన్న గ్యాస్. పైపులోకి ఎక్కించే ముందే ఆ తేమ తీసేయాలి. దానికి వేరే యంత్రాలుంటాయి. తీయకపోతే నీరు పైపు అడుగున చేరుతుంది. గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కలిసి పలచటి ఆసిడ్ అవుతుంది. సోడాలో ఉండేది కూడా ఇదే. సోడా తాగితే మనకేం కాదు గానీ, ఏళ్ల తరబడి అందులో నానితే ఉక్కు ఊరుకోదు. లోపలి నుంచి, అడుగు భాగం నుంచి కొద్దికొద్దిగా తినేస్తుంది. దీన్నే అంతర్గత తుప్పు అంటారు.

బయట మట్టి కప్పి ఉంటుంది, మట్టి మీద గడ్డి మొలిచి ఉంటుంది. పైనుంచి చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది.

ఇంటెగ్రిటీ అంటే నిజాయితీ కాదా?

ఇంటెగ్రిటీ అనగానే మనకు నిజాయితీ గుర్తొస్తుంది. పైపుల విషయంలో ఆ మాటకు అర్థం, పైపు తన మీద పడే ఒత్తిడిని పగలకుండా, కారకుండా మోయగలిగిన స్థితిలో ఉండటం. ఆ స్థితిని ఎలా కనిపెట్టాలి, ఎంతకాలానికోసారి పరీక్షించాలి, లోపం దొరికితే ఏం చెయ్యాలి అన్నదంతా కలిపి ఇంటెగ్రిటీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. సహజవాయు పైపులకు ఈ వ్యవస్థ ఉండాలని పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2012లోనే నిబంధనలు తెచ్చింది. అంటే నగరం దుర్ఘటనకు రెండేళ్ల ముందే. నిబంధన లేక ఆ ప్రమాదం జరగలేదన్నది గుర్తుపెట్టుకోవాలి.

కామర్స్ చదివినవాడిగా నాకు ఇది తరుగుదల లెక్కలా కనిపిస్తుంది. కొన్న రోజు నుంచి ప్రతి ఆస్తీ ఏటా కొంత అరిగిపోతుంది. పుస్తకాల్లో ఆ అరుగుదల రాయకపోతే ఆస్తి విలువ కాగితం మీద అలాగే ఉంటుంది, నిజంలో ఉండదు. పైపు గోడ మందం కూడా అంతే. ఎన్ని మిల్లీమీటర్లతో వేశారు, ఇప్పుడెంత మిగిలింది? ఈ రెండు అంకెలు తెలియని పైపు ఆడిట్ చేయని ఖాతా లాంటిది.

పిగ్ వెళ్లిందా?

పేరు విని ముఖం చిట్లించకండి. పిగ్ అంటే ఇక్కడ జంతువు కాదు, పైపు లోపల ప్రయాణించే పరికరం. ఒక చివర లోపల పెడితే గ్యాస్ ఒత్తిడే దాన్ని రెండో చివరకు తోసుకెళ్తుంది. ఇందులో రకాలున్నాయి. లోపల పేరుకున్న నీరు, మురికి తోసేసేది క్లీనింగ్ పిగ్. గోడ ఎక్కడ పలచబడిందో కొలిచేది ఇంటెలిజెంట్ పిగ్. 'పిగ్గింగ్ చేశాం' అని ఎవరైనా అంటే ఏ పిగ్ అని అడగాలి. గిన్నె కడగడం వేరు, చిల్లు ఉందేమో చూడటం వేరు.

ఇంటెలిజెంట్ పిగ్‌లో ఎక్కువగా వాడే పద్ధతి పేరు మాగ్నెటిక్ ఫ్లక్స్ లీకేజ్. ఇందులో లీకేజ్ అనే మాట ఉంది కదా అని గ్యాస్ లీకు పట్టే యంత్రం అనుకుంటే పొరపాటు. పిగ్‌లోని బలమైన అయస్కాంతాలు పైపు గోడను అయస్కాంతీకరిస్తాయి. గోడ పలచబడిన చోట అయస్కాంత క్షేత్రం బయటికి తొణుకుతుంది. ఆ తొణుకుడును సెన్సర్లు పట్టుకుంటాయి. ఇక్కడ కారేది అయస్కాంత క్షేత్రం, గ్యాస్ కాదు. లీకు రాకముందే లోపం కనిపెట్టడానికి చేసే పరీక్ష ఇది.

పరీక్ష నివేదికలో 'అనామలీ' అని రాస్తారు. మామూలుకు భిన్నంగా ఏదో కనిపించిందని దానర్థం. అది ప్రమాదకరమా కాదా అన్నది లెక్క కట్టి తేలుస్తారు. గోడ మందంలో 80 శాతం దాటి పోయిందంటే మరమ్మతు తప్పదన్నది ఈ రంగంలో స్థిరపడ్డ ప్రమాణం. అంతకంటే తక్కువ పోయినా, పైపు ఎంత ఒత్తిడి మోస్తోంది, తుప్పు ఎంత పొడవున ఉంది అన్నదాన్ని బట్టి ఒత్తిడి తగ్గించడమో, ఆ ముక్క మార్చడమో చేయాల్సి రావచ్చు.

బయట కాపలా, లోపల దొంగ

పైపు దారిలో అక్కడక్కడా చిన్న స్తంభాలు, వాటికి వైర్లు బిగించే పెట్టెలు చూసి ఉంటారు. అవి కాథోడిక్ ప్రొటెక్షన్ టెస్ట్ పోస్టులు. జింకు పూసిన బకెట్‌కు తుప్పు త్వరగా పట్టదు. ఎందుకంటే ముందు జింకు కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. తనను తాను ఖుర్బానీ ఇచ్చుకునే ఇలాంటి లోహాన్ని పైపు పక్కన పాతిపెడతారు. పెద్ద లైన్లకైతే కరెంటు ద్వారా ఇదే పని చేయిస్తారు. మట్టికీ పైపుకీ మధ్య వోల్టేజి కనీసం మైనస్ 0.85 వోల్టు ఉందా అని ఈ పోస్టుల దగ్గర కొలుస్తారు.

కానీ ఈ రక్షణ పైపు బయటి ముఖానికి మాత్రమే. లోపల నీరు చేరి తింటుంటే ఇది ఏమీ చెయ్యలేదు. బయటి రీడింగులన్నీ సరిగ్గా ఉండి కూడా పైపు లోపల సగం అయిపోయి ఉండొచ్చు. 'రీడింగులు బాగున్నాయి' అన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు అనడానికి కారణం ఇదే.

లీకు ఎలా తెలుస్తుంది?

కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్లు ఉంటాయి, లీకైతే వెంటనే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. పెద్ద పగులైతే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, తెలుస్తుంది. చిన్న లీకు సంగతి వేరు. మాస్ బ్యాలెన్స్ అంటే ఎక్కించిన గ్యాస్, దించుకున్న గ్యాస్ సరిపోల్చే జమాఖర్చు లెక్క. మీటర్లకు కొంత తేడా ఉండనే ఉంటుంది. ఉదాహరణకు రోజుకు 10 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ వెళ్లే లైన్‌లో లెక్క 1 శాతం అటూఇటూ ఉంటుందనుకుందాం. అప్పుడు రోజుకు 10 వేల ఘనపు మీటర్లు కారిపోయినా ఆ లెక్కకు చిక్కకపోవచ్చు. గాలిలో మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే అంటుకుంటుంది. ఒక వీధికి అంత గ్యాస్ చాలు, ఎక్కువ కూడా.

అందుకే చిన్న లీకులు పట్టడానికి ఇప్పటికీ మనుషులు కావాలి. లైన్ వెంబడి డిటెక్టర్లు పట్టుకుని నడిచే సిబ్బంది కావాలి. ఊరి జనం కావాలి. పంటలో ఒక్కచోటే మొక్కలు ఎండిపోవడం, నీళ్లు నిలిచిన చోట బుడగలు రావడం, నేలలోంచి బుస్సుమని శబ్దం.. ఇవి కూడా లీకు గుర్తులే.

ఇక వాసన. వంటగ్యాస్‌కు మనకు తెలిసిన ఆ ఘాటు వాసన సహజంగా ఉండదు. మెర్కాప్టన్ అనే రసాయనం కలిపితే వస్తుంది. పట్టణాల్లో ఇళ్లకిచ్చే గ్యాస్‌లో దీన్ని కలుపుతారు. దూరప్రాంతాలకు వెళ్లే ట్రంక్ లైన్లలో సాధారణంగా కలపరు. కాబట్టి ట్రంక్ లైన్ పక్క ఊళ్లో 'వాసన రాలేదు కాబట్టి లీకు లేదు' అనుకోవడానికి లేదు.

కాగితం ఒకటి, పైపు ఒకటి

ఇది మన దగ్గరే జరిగిందనుకోవద్దు. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ బ్రూనో పట్టణంలో 2010 సెప్టెంబర్ 9న 1956 నాటి గ్యాస్ పైపు పేలి 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు నేలమట్టమయ్యాయి. అతుకులు లేని పైపు అని కంపెనీ రికార్డుల్లో ఉంది. తీరా బయటపడింది అతుకులున్న, వెల్డింగ్ సరిగాలేని పైపు. గ్యాస్ ఆపడానికే గంటన్నర పట్టింది. డబ్బున్న దేశంలో, గట్టి చట్టాలున్న చోట కూడా పుస్తకం తప్పయితే పైపు తప్పించుకోలేదు.

భూమి మీది, హక్కు వాళ్లది

1962 నాటి చట్టం ప్రకారం పైపు వేయడానికి ప్రభుత్వం మీ భూమిని కొనదు, వాడుకునే హక్కును మాత్రమే తీసుకుంటుంది. దీన్నే రైట్ ఆఫ్ యూజర్ అంటారు. యాజమాన్యం మీదే ఉంటుంది. ఆ పట్టీలో సాగు చేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఈ హక్కుకు పరిహారంగా భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరేగా ఇస్తారు.

ఇక్కడ బాధ్యత రెండు వైపులా ఉంది. పైపు పట్టీలో ఇల్లు లేపితే తప్పు మనది. అయితే ఆ భూమిని వాడుకుంటున్నవాడి చేతిలో ఉన్నది ఒక అమానత్. పక్కింటివాడి వస్తువు మన దగ్గరున్నంత కాలం దాన్ని, దాని వల్ల అతనికి కలిగే హానిని చూసుకోవాల్సింది మనమే. కంపెనీకైనా, ప్రభుత్వానికైనా ఇదే వర్తిస్తుంది.

మన వీధిలోకి వచ్చింది

ఇది కోనసీమ గొడవ, మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల గోడల మీద పసుపు గొట్టాలు వచ్చేశాయి. వీధి కింద ప్లాస్టిక్ పైపులు వెళ్తున్నాయి. డ్రైనేజీ కోసమో, బోరు కోసమో తవ్వే జేసీబీ ఇక్కడ అసలు ప్రమాదం. తవ్వేముందు కింద ఏ లైన్లున్నాయో వాటి యజమానులకు తెలియజేసే 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను కేంద్రం 2023 మార్చిలో తెచ్చింది. మన గల్లీలో తవ్వే కాంట్రాక్టర్‌ను అది వాడావా అని అడగడానికి ఇంజినీర్ కానక్కర్లేదు.

ఇంట్లో వాసన వస్తే స్విచ్ వేయకండి, ఆర్పకండి కూడా. వాల్వు మూసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరినీ బయటికి తీసుకెళ్లి, అప్పుడు ఫోన్ చెయ్యండి. సిలిండర్ వాడేవాళ్లకు లీకేజీ హెల్ప్‌లైన్ 1906. పైపు గ్యాస్ ఉన్నవాళ్లు కంపెనీ ఎమర్జెన్సీ నంబర్‌ను బిల్లు మీద చూసి ఈ రోజే గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ నంబర్ ఇంట్లో అమ్మీకి, నానీకి కూడా కనపడేంత పెద్దగా ఉండాలి.

పెద్ద లైన్ పక్కన ఉండే ఊళ్లవాళ్లు గ్రామసభలోనైనా, సమాచార హక్కు దరఖాస్తులోనైనా అడగాల్సినవి ఇవి. ఈ లైన్‌లో వెళ్లేది పొడి గ్యాసా, తడి గ్యాసా? ఇంటెలిజెంట్ పిగ్ ఆఖరిసారి ఎప్పుడు వెళ్లింది? గోడ మందం మొదట ఎంత, ఇప్పుడెంత? తాత్కాలిక క్లాంపులు ఎన్నిచోట్ల ఉన్నాయి, ఎన్నాళ్లుగా? మా ఊరికి ముందూ వెనకా వాల్వులు ఎక్కడున్నాయి, మూయడానికి ఎంతసేపు పడుతుంది? మేం ఇచ్చిన ఫిర్యాదు నంబర్ ఏది?

ఆఖరి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. నోటితో చెప్పింది గాలికి పోతుంది. తేదీ, చోటు, ఫిర్యాదు నంబర్ ఉన్న కాగితాన్ని కాదనడం కష్టం. మసీదు కమిటీలు జుమా తర్వాత ఐదు నిమిషాలు దీనికి కేటాయిస్తే చాలు, నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే చాలు.

నగరం ప్రజలకు కళ్లున్నాయి, ముక్కున్నాయి, చెప్పారు కూడా. వాళ్లు చెప్పింది వినే చోటు లేకపోయింది. ఆ చోటు ఇప్పుడైనా ఉందో లేదో, మన ఊరి పైపు గురించి మనమే అడిగి తెలుసుకోవాలి.