కన్నడ లిపిలో కన్యాశుల్కం

మూడు నెలలకొకసారి కలుసుకొనే ఈ పేజీలో ఈసారి నాటకం ముచ్చట. ఉగాది సభలో మనవాళ్ళం కన్యాశుల్కం నుంచి కొన్ని ఘట్టాలు వేశాం. నాకు పూటకూళ్ళమ్మ వేషం దక్కింది. చూసినవారు బాగుందన్నారు, సంతోషం. అయితే నేను చెప్పదలచింది తెర ముందు సంగతి కాదు, తెర వెనుక జరిగిన తగవు సంగతి.

బళ్ళారివాళ్ళకు నాటకం కొత్త కాదు. సరసవినోదిని సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు, సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావుగారు, వారి తర్వాత బళ్ళారి రాఘవగారు - ముగ్గురూ వకీళ్ళే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. నాటకం వారికి కూడు పెట్టే వృత్తి కాదు, వదలలేని వ్యసనం. 1953లో మన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. బడి కన్నడమైంది, ఇల్లు మాత్రం తెలుగుగానే ఉండిపోయింది.

ఆ తేడా మొదటి రిహార్సల్లోనే బయటపడింది. ఎనిమిదిమందిమి కూర్చుంటే అచ్చుపుస్తకం చదవగలిగినవాళ్ళం ముగ్గురమే. మిగతా ఐదుగురూ పిల్లలు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం మాత్రం రాదు. మేం చదువుతుంటే వాళ్ళు తమ మాటలను కన్నడ లిపిలో రాసుకోవడం మొదలుపెట్టారు. నాటకం నేర్పిస్తున్న పెద్దాయనకు కోపం వచ్చింది. "తెలుగు నాటకానికి కన్నడ రాతా! ముందు అక్షరాలు నేర్చుకొని రండి, తర్వాత వేషం" అన్నారు. గిరీశం వేషం కట్టే కుర్రవాడు కాగితాలు మడిచి, "అట్లయితే నాకు వేషమే వద్దులే తాతా" అని లేచాడు. వాడు వెళితే మిగతా నలుగురూ వెళ్ళేవాళ్ళే.

పెద్దాయన బాధ నాకు తెలుసు. లిపి పోతే పుస్తకం పోతుంది. కానీ వాకిట్లోకి వచ్చిన పిల్లలను అక్షరం పేరుతో తిప్పి పంపితే నోట్లో ఉన్న తెలుగు కూడా పోదా? అదే మాట ఆయనతో అన్నాను. చివరికి ఒప్పందం కుదిరింది. రాత ఏ లిపిలోనైనా సరే, రోజూ చివరి పావుగంట మాత్రం అచ్చుపుస్తకం ముందు పెట్టుకొని చదవాలి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే గదా! తలకట్టు, క, త, శ వంటి కొన్ని అక్షరాలు పట్టుబడితే తక్కినవి చాలావరకు చూసిన ముఖాలే. ఉగాది నాటికి ఐదుగురిలో ముగ్గురు కూడబలుక్కొని చదవగలిగారు. ఇద్దరికి రాలేదు. ఉన్నమాట చెప్పాలి గదా.

రెండో తగవు యాసది. "అత్తా, ఇది మన తెలుగు కాదు గదా, మన మాటల్లోకి మార్చుకుందామా?" అని మధురవాణి వేషం వేసిన అమ్మాయి అడిగింది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడవారు బాగా పెంచి తిరగరాసిన నాటకమిది. గ్రాంథికమే గౌరవమనుకొనే రోజుల్లో ఆయన తన చుట్టూ ఉన్న జనం నోటిమాటను వేదిక ఎక్కించారు. అందుకే ఆ మాటలను మార్చలేదు. కానీ ఆ మర్యాద మన మాటకూ ఉండాలని ఆ పిల్లలకు చెప్పాను. వేదిక మీద నా చేతిలో ఉన్నది చీపురుకట్ట. తెర వెనక్కి వస్తే "పొరక యాడ పెట్టినారు?" అని కేకలు. రెండూ తెలుగే. ఒకదాని ముందు మరొకటి సిగ్గుపడనక్కరలేదు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. వచ్చే ఉగాదికి మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులోనే అరగంట నాటిక ఒకటి వేయాలని పిల్లలు పట్టుబట్టారు. మీ అవ్వలు, తాతలు వాడే మాటలు, సామెతలు, తిట్లు కూడా, రాసి పంపండి. హోసూరువారు తమిళ లిపిలో, బరంపురంవారు ఒడియా లిపిలో రాసినా అభ్యంతరం లేదు. చదివిపెట్టేవాళ్ళను మేం వెతుక్కుంటాం. మాట మాత్రం మీ ఇంటిదై ఉండాలి.