మార్కెట్ స్వేచ్ఛ ఎవరికి?

రైతుకు మద్దతు ధర ఇస్తే మార్కెట్ చెడిపోతుందనీ, వదిలేస్తే మంచి ధర దానంతటదే వస్తుందనీ చెప్పే పెద్దలకు కొదవ లేదు. ఆ మాటలో నిజమెంతో పత్తి రైతును అడిగితే తెలుస్తుంది.

2025 ఆగస్టు 19న కేంద్రం విదేశీ పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. ముందు సెప్టెంబర్ 30 వరకే అన్నది, తర్వాత డిసెంబర్ 31 వరకు పొడిగించింది. మన చేలల్లో తీతలు మొదలై పత్తి అమ్మకానికి వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. లాభం మిల్లులకు, భారం మనకు. ఇది మార్కెట్ చేసింది కాదు, ప్రభుత్వం చేసింది.

ధర పెరిగినప్పుడైనా మనల్ని మార్కెట్‌కు వదిలారా? 2023 డిసెంబర్‌లో ఉల్లి ఎగుమతులనే నిషేధించారు. ధర పడితే మార్కెట్ సూత్రం, పెరిగితే వినియోగదారుడి క్షేమం! రెండు విధాలా నష్టపోయేది రైతే.

ప్రపంచంతో పోటీ పడమంటున్నారు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలపై బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. చివరకు 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. తన రైతును మాత్రం మార్కెట్‌కు వదిలేయలేదు. రెండు మూడెకరాల మన రైతు ఆ దేశపు ఖజానాతో పోటీ పడాలా?

అలాగని ఇక్కడి ప్రభుత్వ కొనుగోళ్లు బాగున్నాయని మేము అనడం లేదు. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ప్రకటించారు. కానీ తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు. వానలకు తడిసిన పత్తి గతేమిటి? యాప్‌లో స్లాట్ దొరకాలి. తెలంగాణలో ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటామన్నారు. పాస్‌బుక్ లేని కౌలు రైతు ఎవరి పేరున అమ్మాలి? కేంద్రం దగ్గర వెనక్కి తిప్పిన బండి నేరుగా దళారి దగ్గరికే పోతుంది. అక్కడ అతను చెప్పిందే రేటు. మద్దతులో పెట్టిన ప్రతి అడ్డంకీ దళారికి లాభమే.

అందుకే మద్దతు ధర దయగా ఇచ్చేది కాకూడదు, హక్కు కావాలి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సాగు ఖర్చుకు 50 శాతం కలిపి ధర నిర్ణయించి, దానికి చట్టబద్ధత కల్పించాలి. పంట చేతికొచ్చే నెలల్లో దిగుమతి సుంకం ఎత్తేయకూడదు. ఎకరా పరిమితి తొలగించాలి. కౌలు రైతు పేరుతోనే కొనాలి.

ప్రభుత్వం చెయ్యి మార్కెట్‌లో ఎప్పుడూ ఉంది. అది ఎవరి పక్షాన ఉండాలన్నదే మన పోరాటం.