‘మినీ మాల్దీవులు’ అనే తిట్టు

రెండేళ్ల కిందట డిసెంబర్లో మా కజిన్స్ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ నడిచింది. నాలుగు కుటుంబాలు, నాలుగు రోజుల సెలవు, ఎక్కడికి పోవాలి? సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఆ గొడవ తేల్చడానికి ఒక షీట్ తయారుచేశాను. వరసల్లో హావ్‌లాక్, నీల్, మాల్దీవులు. నిలువు గళ్లలో ఖర్చు, ప్రయాణం గంటలు, పిల్లలకి భద్రత, తిండి, నీళ్ల రంగు. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచిని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేలైనదని రాసింది కాబట్టి దానికి రెండు మార్కులు ఎక్కువ వేశాను. మాల్దీవుల్లో ఒక్కో ద్వీపానికి ఒక్కో రిసార్టు, జనం గోల ఉండదు. దానికీ మార్కులు పడ్డాయి.

మధ్యలో పాల్వంచ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. “అన్నా, అంత దూరం ఎందుకే, పాపికొండల కాడ కొల్లూరు ఇసుక మీద వెదురు గుడిసెలున్నయి. అచ్చం మినీ మాల్దీవులే.”

నాలుగో వరస కలిపాను. నీళ్ల రంగు గడిలో ‘మట్టి రంగు’ అని టైప్ చేసి మార్కులు తగ్గించాను. నేను ఖమ్మంలో పుట్టినవాణ్ణి. మా పెద్దమ్మ వాళ్ల ఊరు కూనవరం దగ్గర, శబరి ఒడ్డున. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవులూ అక్కడే. ఆ గోదావరికి, ఇంకో సముద్రంలా లేదని మార్కులు కోసింది నేనే.

ఈ వ్యాసం ముందు నా మీద, తర్వాత ‘మినీ మాల్దీవులు’ అనే మాట మీద.

మనకి ఈ జబ్బు పాతదే. అరకు ఆంధ్రా ఊటీ. లంబసింగి ఆంధ్రా కాశ్మీర్. కోనసీమ మరో కేరళ. వాజేడు దగ్గరి బొగత జలపాతం తెలంగాణ నయాగరా. 2024లో లక్నవరంలో మూడో ద్వీపాన్ని పర్యాటకులకి తెరిచినప్పుడు అదీ మినీ మాల్దీవులే అయింది. లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. పొలాలకి నీళ్లివ్వడానికి కట్టింది. ఏడు వందల ఏళ్ల పైబడి ఆ పని చేస్తోంది. ఇన్నాళ్ల చాకిరీకి మనం ఇచ్చిన బిరుదు, వేరే దేశానికి చిన్న నకలు అని.

“పోలిక చెప్తే తప్పేంటి? ఉపమాలంకారం లేకుండా కవిత్వం ఉందా?” అనొచ్చు. నిజమే. కానీ ఉపమానం పని ఉపమేయాన్ని చూపించడం. ముఖం చంద్రబింబంలా ఉందంటే మనం ముఖాన్నే ఇంకాస్త బాగా చూస్తాం. ఇక్కడ జరుగుతున్నది తలకిందుల వ్యవహారం. ఉపమానం వచ్చి ఉపమేయాన్ని మింగేసింది. కొల్లూరు అంటే ఏమిటో తెలియకుండానే అది దేనిలా ఉందో తెలిసిపోతుంది. ఫోటో దిగి వచ్చేస్తాం.

యాత్రా వ్యాసాలు రాసేవాళ్లం కూడా ఇందులో భాగస్తులమే. పాపికొండల మీద వచ్చే పది వ్యాసాల్లో తొమ్మిదింటి నడక ఒకటే. పొద్దున్నే మంచు, పోచవరంలో బోటు, పేరంటాలపల్లిలో గుడి, కొల్లూరులో బొంగు చికెన్, చివర్లో ‘ప్రకృతి ఒడిలో సేదతీరాను’. 1973లో బాపు ‘అందాల రాముడు’ తీశాడు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ తీశాడు. రెండూ భద్రాచలానికి పడవ ప్రయాణాలే. రెండూ నాకిష్టం, ఇప్పటికీ చూస్తాను. కానీ ప్రధానంగా కథ పడవలో ఉన్నవాళ్లది, ఒడ్డున ఉన్నవాళ్లది కాదు. సినిమాకి అది చెల్లుతుంది. యాభై ఏళ్లుగా మనం రాసేదంతా ఆ పడవ దిగకపోతే మాత్రం చెల్లదు.

దిగితే ఏం కనిపిస్తుంది?

ముందుగా, ఆ ఒడ్డు మునగబోతోంది. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ ముంపు కోసమే 2014లో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకి చెందిన ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కి బదలాయించారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా పోయాయి. బూర్గంపాడులో కొంత, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి చుట్టూ ఉన్న ఊళ్లు కూడా. ప్రాజెక్టు మొత్తం మీద ఇళ్లు వదలాల్సినవి లక్షకు పైగా కుటుంబాలు. వాళ్లలో కోయలు, కొండరెడ్లు చాలామంది. కొండరెడ్లు అడవిని, వెదురుని నమ్ముకుని బతికినవాళ్లు. ప్రభుత్వం లెక్కలోనే ప్రత్యేకంగా కాపాడుకోవాల్సిన తెగ.

మా పెద్దమ్మకి చదువు రాదు. కానీ ‘కాంటూరు’ అనే మాట వచ్చు. మొదటి దశ 41.15 కాంటూరు అని, తమ ఇల్లు దానికి లోపలో బయటో అని ఆ ఊళ్లలో ముసలీ ముతకా మాట్లాడుకుంటారు. మాకు చిన్నప్పుడు ఎక్కాలతోపాటు వచ్చిన అంకెలు మూడు: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుంటే ఎన్నో ప్రమాద హెచ్చరికో చెప్పే అంకెలు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్లు చెప్తుంటే కథలాగా వినేవాళ్లం. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు అది కథ కాదని తెలిసింది. నేను హైదరాబాద్‌లో మీటింగులో కూర్చుని ఫోన్లో ఆ అంకె పెరగడం చూస్తున్నాను.

మాల్దీవులకీ ఈ ఒడ్డుకీ నిజంగా ఒక పోలిక ఉంది. ఏ బ్రోచర్లోనూ రాయని పోలిక: రెండూ మునిగేవే. మాల్దీవుల నేల సముద్రం మీద సగటున ఒకటిన్నర మీటరు ఎత్తు కూడా సరిగ్గా ఉండదు. 2009 అక్టోబర్లో ఆ దేశ అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రుల్ని సముద్రం అడుగుకి తీసుకెళ్లి కేబినెట్ సమావేశం పెట్టాడు, మేం మునిగిపోతున్నాం చూడండి అని ప్రపంచానికి చెప్పడానికి. మనం ఆ దేశం నుంచి నీళ్ల రంగు మాత్రం అరువు తెచ్చుకున్నాం, మునక సంగతి అక్కడే వదిలేశాం.

ప్రాజెక్టు కట్టాలా వద్దా అన్నది ఈ వ్యాసంలో తేల్చను. దిగువన ఆ నీళ్ల కోసం చూస్తున్న రైతుల్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నా వాదన చాలా చిన్నది. ఒక ఊరిని ముంచాలని నిర్ణయించుకున్న సమాజం, కనీసం దాని పేరైనా సరిగ్గా పలకాలి.

“సెలవు మీద పోయేవాడికి ఇదంతా ఎందుకు బాసూ? ఏడాదంతా లాప్‌టాప్ ముందు చస్తాం, నాలుగు రోజులు ఇసుక మీద పడుకోనివ్వవా?” అని గ్రూపులోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పడుకోండి, నేనూ పడుకున్నాను. గోదావరి ఇసుక మీద జనవరి రాత్రి పడుకోవడం ఎంత బావుంటుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. టూరిజం వల్ల బోటు నడిపేవాళ్లకి, వంట చేసేవాళ్లకి, వెదురు పూలు అమ్ముకునే ఆడవాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి. అదీ ఒప్పుకుంటాను.

నా అభ్యంతరం వేరే. నకలు అని పేరు పెట్టిన దాన్ని మార్చేయడం తేలిక. మినీ మాల్దీవులు ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. కొల్లూరు మునిగితే నా షీట్లో ఒక వరస తీసేసి ఇంకో వరస కలుపుతాను, అంతే. రేపు జలాశయం నిండాక నీళ్లమీద మిగిలే కొండ కొమ్ముల్ని కూడా ద్వీపాలే అంటాం. వాటి మీద గుడిసెలు వేసి దాన్నీ మినీ మాల్దీవులే అంటాం. కొల్లూరుకి కొల్లూరే అయితే, అది పోతే పోయిందని ఒక్కరికైనా తెలుస్తుంది.

చివరికి మా గ్రూపులో ఓటింగ్‌లో ఖర్చు తక్కువని కొల్లూరే గెలిచింది. పేరంటాలపల్లిలో బోటు ఆగినప్పుడు ఒక ముసలావిడ బుట్ట అల్లుతోంది. అడక్కుండానే ఫోటో తీశాను. ఆవిడ తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. అండమాన్‌లో జరావాల అడవి గుండా పోయే రోడ్డు మీద టూరిస్టులు మనుషుల్ని జంతువుల్లా చూస్తున్నారని 2012లో ఎంత గొడవైందో నాకు గుర్తుంది. అప్పట్లో ఫేస్‌బుక్‌లో ఆవేశంగా పోస్టు కూడా పెట్టాను. అదే నేను, అదే పని, ఇంటి దగ్గర.

రాత్రి వెదురు గుడిసెలో పడుకున్నప్పుడు మా ఆరేళ్ల పాప అడిగింది: “నాన్నా, పొద్దున బుట్ట అల్లుతున్న అమ్మమ్మ వాళ్ల ఇల్లు కూడా రిసార్టేనా?”

ఏం చెప్పాలో తోచలేదు. మొదటిది దూరాన ఉన్న వెదురిల్లు, రెండోది మేం డబ్బు కట్టిన వెదురిల్లు. పాపకి తేడా తెలియకపోవడంలో తప్పు లేదు, తెలిసేలా మేం ఏమీ చెప్పలేదు.

షీట్లో ‘భద్రత’ అని ఒక గడి ఉందన్నాను కదా. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో, డెబ్భై మందికి పైగా ఉన్న టూరిస్టు బోటు మునిగింది. బతికింది 26 మంది. వాళ్లలో చాలామందిని పైకి లాగింది దగ్గర్లోని తూటుగుంట ఊరివాళ్లు, తమ సొంత పడవల్లో. మన ఫోటోల్లో అడ్డొస్తారని మనం పక్కకి కత్తిరించే మనుషులే వాళ్లు. వాళ్ల ఊళ్లూ ముంపు దారిలోవే. ఆ గడిలో నేను హోటల్ రేటింగ్ చూసి మార్కులు వేశాను. ఒడ్డున మనుషులు ఉండటమే భద్రత అని నాకు తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ దగ్గరికి వెళ్లాం. చేపల పులుసు పెట్టింది. ఎక్కడికి పోయొచ్చారని అడిగితే, ఎంత కట్టామో, ఎక్కడ పడుకున్నామో చెప్పాను. కాసేపు నవ్వింది. “మంచిగనే ఉందిరా. గోదారి చూడ్డానికి మీరు డబ్బులిచ్చి వస్తన్నారు. మేము డబ్బులు తీసుకోని పోతన్నాం” అంది.

ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు. దాన్ని బట్టి చేయగలిగిన చిన్న పని మాత్రం ఉంది. పోవాలనుకునేవాళ్లు పోండి, ఆ ఒడ్డు ఉండగానే పోండి. బోటు ఆగిన ప్రతి చోటా ఆ ఊరి పేరు అడగండి. అక్కడి వాళ్లని ఎక్కడికి తరలిస్తారో అడగండి. ఫోటో తీసేముందు మనిషిని అడగండి. వచ్చాక వ్యాసం రాస్తే ‘లాంటి’, ‘మినీ’, ‘మరో’ అన్న మాటలు లేకుండా రాయండి. రాయడం కష్టంగా ఉందంటే, ఆ చోటుని ఇంకా చూడలేదన్నమాట. మళ్లీ వెళ్లి చూసి రాయండి.

నా షీట్ ఇంకా ఉంది. నాలుగో వరసలో ‘మినీ మాల్దీవులు’ కొట్టేసి ‘కొల్లూరు’ అని రాశాను. నీళ్ల రంగు గడిలో మట్టి రంగు అలాగే ఉంచాను, కోసిన మార్కులు తిరిగి వేశాను.