కోళ్ళగూటి వలలో పడిన పాఠం

పిల్లలూ! బడిలోకి కొత్త యంత్రం ఏది వచ్చినా మీకు పండుగే గదా! ఇప్పుడు మాటలాడే సెల్‌ఫోన్లు వచ్చినవి. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతున్నవి. వాటి సంగతికి వస్తాను గాని, ముందు నా చిన్ననాడు చూసిన వింత ఒకటి చెప్పనివ్వండి.

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలో 'సైట్' అనే పెద్ద ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 పల్లెలకు టెలివిజన్ పెట్టెలు ఇచ్చారు. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. మా మేనమామగారి ఊళ్ళో పెట్టెను బడిలోనే ఉంచారు.

ఆ బొమ్మలు ఎక్కడినుంచి వచ్చేవో తెలుసునా? అహమ్మదాబాదునుంచి పైకి పంపితే, 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఏ.టి.ఎస్.-6 అనే అమెరికా ఉపగ్రహం అందుకుని మన పల్లెలమీదికి పంపేది. భూమధ్యరేఖకు పైన, అంత ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితోపాటే రోజుకొక చుట్టు తిరుగుతుంది గనక, మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుంటుంది. పైకీ కిందికీ కలిపి 72,000 కిలోమీటర్లు. రేడియో అలలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతవి. ఎంతసేపు పట్టేదో మీరే లెక్క కట్టండి!

బడి దగ్గర మూడు మీటర్ల వెడల్పు గొడుగును వెల్లకిలా పెట్టారు. గొడుగంటే గుడ్డా కాదు, రేకూ కాదు. కోళ్ళగూటికి కొట్టే ఇనుపవల! మా మామ కొడుకు ఆరేళ్ళవాడు. పాఠం మధ్యలో లేచి, "సార్, చిల్లుల్లోంచి బొమ్మలు కారిపోవా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెట్టె తన పాఠం తాను చెప్పుకుంటూ పోయింది. దానికి చెవులు లేవు. సారు మాత్రం నవ్వలేదు. "నాకు తెలియదురా, కనుక్కుంటాను" అన్నారు.

1976 జులై 31న ప్రయోగం ముగిసింది. ఉపగ్రహాన్ని అమెరికావారు వెనక్కు తీసుకుపోయారు. మావాడి ప్రశ్నకు జవాబు నాకు ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళినప్పుడు గాని తెలియలేదు. ఆ అలల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అనగా జానెడున్నర. వల చిల్లు వేలు పట్టేంత. అంత పెద్ద అలకు అంత చిన్న చిల్లు చిల్లే కాదు. జల్లెడలో గులకరాళ్ళు నిలిచినట్టు అల అక్కడే ఆగి, వెనక్కు మళ్ళి, గొడుగు ముందు ఒకచోటికి చేరుతుంది. (జల్లెడ పోలిక పూర్తిగా సరికాదు. పెద్ద తరగతికి వెళ్ళాక నన్ను తప్పుపట్టండి.)

2004 సెప్టెంబరు 20న చదువుకోసమే శ్రీహరికోటనుంచి ఎడ్యుసాట్ ఎగిరింది. దానితో కొన్నిచోట్ల పిల్లలు తిరిగి ప్రశ్న అడిగే వీలు కలిగింది. 2010లో దాని పని ముగిసింది.

మొన్న మా మనవరాలు అదే కోళ్ళవల ప్రశ్నను ఫోనును అడిగింది. అలలూ, చిల్లులూ అన్నీ చక్కగా చెప్పింది! నేను ముచ్చటపడి, "సైట్‌లో ఎన్ని పల్లెలు?" అని అడిగించాను. 24,000 అన్నది! మొదటి జవాబు చెప్పిన గొంతుతోనే, అంతే మర్యాదగా. అది చదివిన కోట్ల మాటలలో ఏ మాట తరువాత ఏ మాట రాదగునో లెక్కగట్టి జవాబు కూరుస్తుంది. అందుచేత తప్పు కూడా నున్నగానే వస్తుంది.

"తప్పమ్మా, 2400" అన్నాను.

"నీకెలా తెలుసు, తాతయ్యా?" అన్నది.

లేచి బీరువా తాళం వెతుక్కోవలసి వచ్చింది.