పిచ్చికి పట్టాభిషేకము

కళాకారుని మతిభ్రమణమును కళలోని భాగముగా లెక్కించు అలవాటు మనలో దినదినము ప్రబలుచున్నది. ఈ వారము దానికి మరియొక నిదర్శనము లభించెను. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ‘అపోకలిప్స్ నౌ’ అను యుద్ధచిత్రమును ఫిలిప్పీన్స్ అడవులలో తీసిన దినములను గూర్చి 1991లో వెలువడిన ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ అను డాక్యుమెంటరీని, సినిమాను నాకంటె గాఢముగా ప్రేమించు కొందరు యువమిత్రులతో గూడి మరల చూచితిని. చూచినంతసేపును వారి కన్నులలో భక్తియే గాని భయము కానరాలేదు. తుదిపేర్లు తెరపై సాగుచుండగనే అందొకడు నిట్టూర్చి, “అంత పిచ్చి పట్టనిదే అంత సినిమా రాదండీ” అనెను, తక్కినవారు తలలూపిరి. ఆ తలయూపుటయే నేటి ఈ శీర్షికకు కారణము.

కథ పాఠకులలో పలువురెరిగినదే. జోసెఫ్ కాన్రాడ్ కాంగో నదిని గూర్చి వ్రాసిన నవలను వియత్నాం యుద్ధములోనికి దింపి జాన్ మిలియస్ వ్రాసిన చిత్రకథను చేతబట్టి, ‘గాడ్‌ఫాదర్’ రెండు భాగముల విజయముతో అప్పటికి హాలీవుడ్‌లో ఎదురులేనివాడై యుండిన కొప్పోలా 1976 మార్చిలో చిత్రీకరణ మొదలిడెను. మొదలిడిన కొలది వారములకే కథానాయకుడైన హార్వే కైటెల్‌ను పంపివేసి మార్టిన్ షీన్‌ను రప్పించుట, మే నెలలో ఓల్గా అను తుఫాను విరుచుకొనిపడి సెట్లను నేలమట్టము చేయుట, మరుసటి యేడు మార్చిలో 36 ఏండ్ల ఆ షీన్ గుండెపోటుతో కూలుట, వారమునకు 10 లక్షల డాలర్ల లెక్కన ఒప్పుకొని వచ్చిన మార్లన్ బ్రాండో మూలనవలనైనను చదువక, సైనికాధికారి పాత్రకు పొసగని స్థూలకాయముతో దిగి చర్చలతోనే దినములు గడుపుట, దర్శకుడు తన సొంత ఆస్తులను తాకట్టు పెట్టుట, కోటి 30 లక్షల డాలర్లలో ముగియుననుకొన్న వ్యయము 3 కోట్లు దాటుట, ఇన్నియు జరిగి, 238 దినముల చిత్రీకరణ పిమ్మట 1977 మేలో ఆ దండు ఇంటిముఖము పట్టెను.

ఇంతవరకు ఎవరికిని వివాదము లేదు. ఇన్ని ఇడుమల పిమ్మట వచ్చిన చిత్రము గొప్పది గనుక ఆ ఇడుములే దాని గొప్పతనమునకు హేతువులనుటతోనే నాకు పేచీ. ఇల్లంటుకొన్న నాటి వంకాయకూర అమోఘముగా కుదిరినదని, కూర రుచికొరకు ఏటేట ఒక ఇల్లు తగులబెట్టుకొమ్మని సలహా చెప్పువానిని మనమేమందుము? సాక్ష్యము కావలెనన్నచో దూరము పోనక్కరలేదు. ఈ కొప్పోలాయే 1974లో ‘ది కన్వర్సేషన్’ అను చిత్రమును శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో కొద్దిపాటి ధనముతో తీసెను. ఇతరుల సంభాషణలను చాటుగా టేపుపై కెక్కించి బ్రతుకు ఒక ఒంటరివాని కథ అది. అందు తుఫాను లేదు, సైన్యము లేదు, అరణ్యము లేదు. కాన్ ఉత్సవమున ఆ యేడు అత్యున్నత పురస్కారము దానికే దక్కెను. ఐదేండ్ల పిమ్మట ‘అపోకలిప్స్ నౌ’ అదే గౌరవమును ‘టిన్ డ్రమ్’ అను జర్మను చిత్రముతో పంచుకొనెను. లెక్కలతో వాదింపదలచిన వారు దీనిని గుర్తుంచుకొందురు గాక: కుదురుగా తీసినదానికి పూర్తి బహుమానము, కుదురులేక తీసినదానికి సగము!

ఉన్మాదవాదులకు మరియొక చిక్కు గలదు. ‘అపోకలిప్స్ నౌ’ను విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థయే, మరుసటి సంవత్సరము మైకేల్ చిమినో తీసిన ‘హెవెన్స్ గేట్’ను గూడ నెత్తికెత్తుకొనెను. అక్కడను అదే తంతు: లక్షల అడుగుల ఫిల్ము, నచ్చలేదని కట్టిన వీధినే పడగొట్టి తిరిగి కట్టించుట, దర్శకుని పట్టుదలకు అడ్డు చెప్పజాలని నిర్మాతలు, 4 కోట్ల డాలర్లు దాటిన వ్యయము. ఫలితమో, అమెరికా థియేటర్లలో వసూలైనది అందు పదవవంతైన లేదు. మరుసటి యేడు ఆ సంస్థయే చేతులు మారెను. చాప్లిన్, పిక్‌ఫోర్డ్, ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్ కలిసి 1919లో స్థాపించిన సంస్థకు పట్టిన గతి ఇది. పిచ్చియే ప్రతిభకు జనని యైనచో ఆ రెండవ బిడ్డ యెందుకు బ్రతికి బట్టకట్టలేదో యువమిత్రులు చెప్పవలెను. (ఇటీవల కొందరు దానిని గూడ మహాకావ్యమనుచున్నారని వింటిని. అనుకొందురు గాక; అది వేరొక వారపు కలహము.)

ఇక నా పాత పాట. ఏ మిషమీదనైనను నేను ఎడిటింగు గదిలోనికి పోయి కూర్చుందునని ఈ శీర్షికను చదువువారు హాస్యమాడుట ఎరుగనివాడను గాను. అయినను ఈ పర్యాయము మిష వెదకికొన నక్కరయే లేకపోయెను. ఫిలిప్పీన్స్ నుండి తిరిగివచ్చునాటికి కొప్పోలా చేతిలోనున్నది చిత్రము గాదు. 12 లక్షల అడుగులకు పైబడిన ఫిల్ము, అనగా 230 గంటల బొమ్మ. తెరమీద నిలిచిన ప్రతి నిమిషమునకు 95 నిమిషములు తీసిరని, అందు కూర్పుపని చేసిన వాల్టర్ మర్చ్ తరువాత లెక్క కట్టెను. అతని లెక్కలలో నాకు మిక్కిలి ప్రీతియైనది మరియొకటి: ముందుగనే దారి తెలిసియుండి నెమ్మదిగా నడిచినను, ఎడిటరు ఒక్కొక్కడు దినమునకు ఒకటిన్నర అతుకులైన వేయకయే అన్ని నెలలలో ఆ చిత్రము ముగిసెడిదట. తక్కిన శ్రమయంతయు వేసి, చూచి, విప్పి, మరల వేయుటకే పోయెను. రిచర్డ్ మార్క్స్, జెరాల్డ్ గ్రీన్‌బర్గ్, లీసా ఫ్రూక్ట్‌మన్, మర్చ్, ఈ నలుగురును చీకటి గదులలో కూర్చుండి రెండేండ్లకు పైగా చేసిన ఆ పనియే మనము నేడు ‘అపోకలిప్స్ నౌ’ అని పిలుచుచున్నది. మర్చ్ ఒక యేడు బొమ్మపై గడపి, రెండవ యేడంతయు శబ్దముపై గడపెను. మొట్టమొదట అగ్నికి ఆహుతియగు తాటితోపు, దానిపై హెలికాప్టరు రెక్కల చప్పుడు, ఆ చప్పుడు మెల్లగా హోటలుగదిలోని పంకా తిరుగుడులోనికి కరగిపోవుట, ఇది అడవిలో పుట్టినది కాదు, మేజాబల్లపై పుట్టినది; అందలి మంటల బొమ్మ సయితము పారవేయుటకు తీసిపెట్టిన ముక్కలలో దొరికినదే. కథకు వెన్నెముకయైన నాయకుని స్వగతమును వియత్నాంలో విలేఖరిగా తిరిగిన మైకేల్ హెర్ వ్రాసి యిచ్చినది చిత్రీకరణ ముగిసిన పిమ్మటనే. ఇంత ఓర్పు ఒకవైపు, అంత ఉన్మాదము మరియొకవైపు ఉండగా, మన భక్తులు దండము పెట్టునది రెండవదానికి. ఓర్పును చూపు డాక్యుమెంటరీ ఎవడు చూచును? నలుగురు మనుష్యులు కుర్చీలలో కూర్చుండి ఫిల్మును ముందునకు వెనుకకు త్రిప్పుచుండుటలో తుఫాను లేదు గదా.

షీన్ తన 36వ పుట్టినరోజున తప్పత్రాగి, హోటలుగదిలో అద్దమును పిడికిటితో బ్రద్దలుకొట్టి, చేయి తెగి రక్తమోడుచున్నను కెమేరా నాపవద్దని తానే పట్టుబట్టిన సన్నివేశమును యువమిత్రులు నాపై ప్రయోగింపక మానలేదు. అది చూచినప్పుడు నాకును ఒడలు జలదరించినమాట నిజము. ఒక మనుష్యుడు నిజముగా విరిగిపోవుట చూచిన నెవరి కొడలు జలదరింపదు? ఆ జలదరింపును నటనకు ఖాతా కట్టుటలోనే చిక్కున్నది. అంతకంటె నన్ను కలతపెట్టినది తరువాతి ఘట్టము. షీన్‌కు గుండెపోటు వచ్చినదను వార్త అమెరికాలోని పెట్టుబడిదారులకు పొక్కునేమోనని కొప్పోలా ఫోనులో మండిపడును. తాను చెప్పువరకు అతడు చనిపోయినను అంతయు క్షేమమనియే చెప్పవలెనను తాత్పర్యము వచ్చునట్లు మాటలాడును. ఆ కంఠములో దుష్టత్వము లేదు, కేవలము భయమున్నది. అయినను ఆ భయము ఎవరి ప్రాణమును గూర్చియో గమనింపుడు: షీన్ ప్రాణమును గూర్చి కాదు, సినిమా ప్రాణమును గూర్చి.

యుద్ధమును నిరసించుటకు తీసిన చిత్రమునకు హెలికాప్టర్లెక్కడివి? అమెరికా రక్షణశాఖ సహాయము నిరాకరింపగా, అప్పటికి నాలుగేండ్లుగా సైనికశాసనముతో ఫిలిప్పీన్స్ దేశము నేలుచుండిన మార్కోస్ తన వాయుసేన హెలికాప్టర్లను అద్దె కిచ్చెను. ఉదయము వానిపై అమెరికా గుర్తులు వేసి వియత్నాం పల్లెలపై దాడి నభినయింతురు. అంతలో దక్షిణమున తిరుగుబాటుదారులపై పోరు ముదిరినదని కబురు వచ్చునంత, అవి షాటు నడుమనే లేచి నిజమైన యుద్ధమునకు పోవును. మరునాడు వేరు పైలట్లు వత్తురు, సాధనయంతయు మొదటికి వచ్చును. ఈ ఘట్టమును డాక్యుమెంటరీ కొప్పోలా కష్టములలో నొకటిగా చూపును. నా మిత్రులు నవ్విరి గూడ. ఆ హెలికాప్టర్లు పోయిన దిక్కున క్రిందనున్నవారి మాటేమి? ఆ పల్లెలు ఏ సెట్టునందును లేవు, వానికి పేర్లడిగినవాడును లేడు. ఉత్తరపు కొండలనుండి కుటుంబములతో రప్పింపబడిన ఇఫుగావ్ జనులు, కర్ట్జ్ అను ఉన్మత్త సైనికాధికారిని దైవముగా కొలుచు అడవిజాతిగా తెరపై నిలిచిరి. వారు తమ ఆచారము ననుసరించి దున్నను బలియిచ్చుట చిత్రమునకు పతాకసన్నివేశమాయెను. రాళ్లు మోసి పగ్సాన్‌హాన్‌లో ఆలయము నిలబెట్టిన కూలివారి ముఖములు నిమిషమైన నిలువక తెరపై జారిపోవును. వియత్నాం వారి కడగండ్లను గూర్చిన చిత్రమున వియత్నాం వానికి మాట లేదు, ఫిలిప్పీన్స్ వానికి ముఖము లేదు. అమెరికా వాని అంతరాత్మకు మాత్రము రెండున్నర గంటలు.

ఈ డాక్యుమెంటరీలో నేను నమస్కరించు వ్యక్తి ఒక్కతె: కొప్పోలా భార్య ఎలినార్. ప్రచారమునకు ఏదో చిన్న చిత్రము కావలెనని సంస్థవారు కోరగా, కొత్తవారిని రప్పించుటకిష్టము లేక భర్త ఆమె చేతికి కెమేరా నిచ్చెను. ముగ్గురు పిల్లలను చూచుకొనుచు, ఆ బురదలో, ఆ వానలో ఆమె తీసిన బొమ్మయు, తన దినచర్యకొరకని భర్తకు తెలియకుండ టేపుపై కెక్కించిన సంభాషణలును లేనిచో, చిత్రము విడుదలైన పండ్రెండేండ్లకు ఫాక్స్ బార్, జార్జ్ హికెన్‌లూపర్ అను ఇరువురు యువకులకు కూర్చుటకేమియు నుండెడిది కాదు. చిత్రము విడుదలైన 1979లోనే ఆమె తన దినచర్యను పుస్తకముగా ప్రకటించెను. భర్త రాత్రివేళ తన చిత్రము పెద్ద వైఫల్యమని, ఆత్మహత్య చేసికొనవలెననిపించుచున్నదని వాపోవుచుండగా టేపు తిరుగుచుండుట ధర్మమా అని అడుగువారున్నారు. అడుగదగిన ప్రశ్నయే. కాని ఆ బృందమున కన్ను తెరచియుండిన వ్యక్తి ఆమెయొకతెయే యనిపించును; 2024లో ఆమె గతించినప్పుడు పెక్కు పత్రికలు ఆమెను ఫలానావారి భార్యగనే పేర్కొనుట చూచి నాకు కలిగిన కోపము ఇంకను చల్లారలేదు.

డాక్యుమెంటరీ తుదిని కొప్పోలా ఒక కోరిక కోరును. చిన్నచిన్న వీడియో కెమేరాలు వచ్చినవి గనుక, ఎక్కడో ఒహాయోలో ఒక బొద్దుపాప తండ్రి కెమేరాతో అద్భుతమైన చిత్రమును తీయునని, సినిమా యనునది వృత్తిగాండ్ర గుత్తనుండి విడివడునని అతని ఆశ. కెమేరా ఇప్పుడు పాపల చేతికే గాదు, అందరి చేతికిని వచ్చినది. మన తెలుగు సినిమా సెట్లలోను అవి తిరుగుచునేయున్నవి. వాటినుండి వెలువడు ‘మేకింగ్ వీడియో’లను చూచితిరా? నాయకుడు గాలిలో ఎగురును, దర్శకుడు కుర్చీనుండి లేచి చప్పట్లు కొట్టును, క్రేను పైకి పోవును, వెనుక వాద్యములు మ్రోగును. ఎలినార్‌కు ఇచ్చిన పనియు ప్రచారపు పనియే. ఆమె దానిని సత్యముగా మార్చెను. మనవారు సత్యమును సయితము ప్రచారముగా మార్చుదురు. ఎన్ని దినములు తీసితిమి, ఎన్ని కోట్లు పోసితిమి, ఎన్ని వందల జూనియర్ ఆర్టిస్టులను నిలబెట్టితిమి అను లెక్కలే చిత్రపు యోగ్యతాపత్రములైనవి. వేసవి ఎండలో నిలబడిన ఆ వందలమందికి నీడ యిచ్చితిరా అని మాత్రము అడుగరాదు.

కోతను గూర్చి మన తీరు మరీ వింత. కొప్పోలాయే ఈ విషయమున నన్ను నిరాశపరచెనని ఒప్పుకొనవలెను: అడవిలో తీసి, నచ్చక, తీసివేసిన ఫ్రెంచి తోటవారి ఘట్టమును 2001లో మరల చేర్చి, మొత్తము 49 నిమిషములు పెంచి ‘రిడక్స్’ అని విడుదల చేసెను, అనగా ఆ నలుగురు ఎడిటర్ల తీర్పును నలువదితొమ్మిది నిమిషములచేత కొట్టివేసెను. అయినను అతడు ఇరువదిరెండేండ్లు ఆగెను. మనవారికి అంత ఓపిక యేది? మూడు గంటలు దాటిన చిత్రము శుక్రవారము విడుదలయగును. సాగతీత యని జనులు గొణుగగానే సోమవారమునకు ఇరువది నిమిషములు కోసితిమని ప్రకటన వెలువడును. రెండవ వారమున, ప్రేక్షకుల కోరికపై కొత్త సన్నివేశములు కలిపితిమని మరియొక ప్రకటన. ఆ ఇరువది నిమిషములను విడుదలకు ముందే కోయుదమని ఎడిటరు అడిగియుండడా? అడిగినచో అతని మాట ఎవరు త్రోసివేసిరి? అడుగనిచో అతనిని ఆ గదిలో కూర్చుండబెట్టుట దేనికి? నిర్మాతలు ప్రచారమునకు పోయు కోట్లనుండి ఒక్క కెమేరాకు సరిపడు డబ్బు తీసి, తదుపరి చిత్రమునకైనను ఆ గదిలో దానిని నిలిపియుంచినచో, టికెట్టు కొని చూచువారిలో నేను మొదటివాడనై యుందును.