కుందేటికి నాలుగు కాళ్లు

భారతీయ వాఙ్మయంలో కుందేలుకు దక్కిన గౌరవం సామాన్యమైనది కాదు. చంద్రుని మచ్చలో దానిని దర్శించిన కవులు ఆయనను శశాంకుడన్నారు. మృగరాజును నూతిలో దూకించిన యుక్తిని పంచతంత్రం దానికే కట్టబెట్టింది. అతిథి ఆకలి తీర్చడానికి తన దేహాన్నే సమర్పించబోయిన త్యాగమూర్తిగా జాతక కథ దానిని నిలిపింది. ఇన్ని కథలలో మెలగిన ఆ ప్రాణి నేడు పట్టణాలలోని ఇళ్లలోకి పెంపుడు జంతువుగా అడుగుపెడుతున్నది. కథలలోని కుందేలును ఎరిగినంతగా, గదిలో తిరుగాడే కుందేలును దాని యజమాని ఎరుగునా అన్నది ఆలోచించవలసిన విషయం.

తెలుగులో కుందేలు అనే మాట రెండు వేర్వేరు జీవులకు వర్తిస్తున్నది. మన పొదలలో, చేలగట్లలో తిరిగే అడవి కుందేలు బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటినిండా వెంట్రుకలతో, కళ్లు తెరిచే పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. దానిని పట్టి పెంచడం నేరం. ఇళ్లలో పెంచే కుందేలు వేరు. దాని పూర్వికులు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలవి. బొరియలలో గుంపులుగా జీవించినవి. దాని పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకొని పుట్టి, సుమారు పదవ రోజున కళ్లు తెరుస్తాయి. ఎనిమిది వారాలు నిండకముందే వాటిని తల్లి నుండి వేరుచేయడం మంచిది కాదు. అరచేతిలో ఇమిడే పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా, దాని స్థానం ఇంకా తల్లి చెంతనే.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అని పట్టుదలకు పోయేవారిని గురించి తెలుగువారు సామెత చెప్పుకొంటారు. కొత్తగా కుందేలును తెచ్చుకొనేవారిలో చాలామంది మనసులో నిజంగానే మూడు కాళ్ల కుందేలు ఉంటుంది. క్యారెట్టు దాని ఆహారమనీ, ఎత్తుకొని లాలిస్తే దానికి ఆనందమనీ, పంజరమే దాని ఇల్లనీ వారి నమ్మకం. ఈ మూడూ అపోహలే.

కుందేలు ప్రధానంగా గడ్డి మేసే జంతువు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచుగల ఎండుగడ్డిని రోజంతా నమలడం వల్లనే అవి అరుగుతాయి. దాని జీర్ణకోశం నిరంతరం కదులుతూ ఉండడానికి కూడా ఆ పీచే ఆధారం. కనుక ఎండుగడ్డి, మంచినీరు ఎల్లవేళలా దానికి అందుబాటులో ఉండాలి. ఆరు నెలల లోపు పిల్లలకు లూసర్న్ గడ్డి కూడా పెట్టవచ్చు. శుభ్రమైన గరిక, కొత్తిమీర, పుదీనా వంటివి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తీపి ఎక్కువగా గల క్యారెట్టు ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలు. అన్నం, రొట్టె, బిస్కట్లు పెట్టడం ప్రేమ అనిపించుకోదు. కొత్త ఇంటికి వచ్చిన పిల్లకు మొదట పాత ఆహారమే పెట్టి, వారం పది రోజులలో క్రమంగా మార్చాలి.

ఇక లాలన మాట. ప్రకృతిలో కుందేలును పైకెత్తేవి గద్దలు, నక్కలు మాత్రమే. అందుచేత చేతులు తనను నేలనుండి లేపగానే అది ప్రాణభయంతో పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది. చెవులు పట్టి ఎత్తడం క్రూరత్వం. తప్పనిసరి అయినప్పుడు ఒక చేయి రొమ్ము కింద, మరొక చేయి వెనుక కాళ్ల కింద ఆనించి ఎత్తాలి. మొదటి రోజులలో దానికి దాగడానికి ఒక అట్టపెట్టెను ఇచ్చి, యజమాని నేలమీద నిశ్శబ్దంగా కూర్చుంటే చాలు. నమ్మకం కుదిరిననాడు అదే వచ్చి చేయి వాసన చూస్తుంది.

పంజరం విశ్రాంతి స్థలమే గాని ఇల్లు కాదు. కుందేలు పాదాలకు కుక్కపిల్లకు ఉన్నట్లు మెత్తలు ఉండవు. తీగల అడుగు వాటిని గాయపరుస్తుంది. అది రోజూ గంటల తరబడి పరుగెత్తాలి. నున్నని గచ్చుపై చాప పరచాలి. విద్యుత్తు తీగలను దాని పళ్లకు అందకుండా దాచాలి. దానికి చెమట పట్టదు, శరీరపు వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వెలుపలికి పంపుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. వేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం వంటి చోట్ల బాల్కనీలో ఉంచిన పంజరం దానికి మృత్యుగృహం కాగలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది దాని మౌనం. వేటజంతువుల కంట పడకుండా బ్రతికే జీవి కనుక కుందేలు తన బాధను దాచుకొంటుంది. అరవదు, మూలగదు, తినడం మానుతుంది. సగం రోజు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితి. రేపు చూద్దాంలే అనుకొన్నవారికి ఆ రేపు మిగలకపోవచ్చు. ఇంట్లోని మందులు వేయరాదు. కొన్ని యాంటీబయాటిక్ మందులు దానికి ప్రాణాంతకాలు. కుందేళ్లకు చికిత్స తెలిసిన పశువైద్యుని చిరునామా కుందేలుకంటె ముందే ఇంటికి చేరాలి.

పిల్లలకు భూతదయ అలవడుతుంది కదా, ఒక కుందేలును కొనిస్తే తప్పేమిటని కొందరు ప్రశ్నిస్తారు. భూతదయ అలవడడం మంచిదే. అయితే చక్కగా సాకిన కుందేలు ఎనిమిది నుండి పన్నెండు సంవత్సరాలు జీవిస్తుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో దానిని తెచ్చుకొన్న విద్యార్థి రెండేళ్లలో పై చదువులకు ఊరు విడిచి వెళ్లవచ్చు. చదువు ముగిసి ఉద్యోగంలో చేరేనాటికి కూడా ఆ కుందేలు బ్రతికే ఉంటుంది. ఆ గడ్డి, ఆ నీరు, ఆ శుభ్రత ఎవరి పూచీ? ఆ ప్రశ్నకు ఇంటి పెద్దలు ముందుగా ఒప్పుకొన్న సమాధానం లేనిచోట కుందేలును తేకపోవడమే దయ. విసుగు పుట్టినప్పుడు పార్కులో వదలడం స్వేచ్ఛనివ్వడం కాదు, కుక్కలకు అప్పగించడం. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును విడిచిపెట్టడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నేరంగా పరిగణిస్తుంది. ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

ప్రేమించడానికి హృదయం చాలు; పోషించడానికి జ్ఞానం కూడా కావాలి. ఎదుటి ప్రాణి తనకు నచ్చినట్లు ఉండాలని కోరేవాడు మూడు కాళ్లే చూస్తాడు. అది ఎలా ఉన్నదో అలాగే తెలుసుకొని, దాని అవసరాన్ని బట్టి తన అలవాటును మార్చుకొన్నవాడు నాలుగో కాలును కూడా చూస్తాడు. కుందేలును పెంచే అర్హత అతనిదే.